పైకి పంపని ప్రశ్న

ప్రాక్టీసు మానేసి ఇంట్లో కూర్చున్నా జూనియర్లు నన్ను వదలరు. మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయని పరామర్శకు వస్తారు, టీ తాగుతారు, చివరికి అసలు మాటకు దిగుతారు. "మేడం, మీరు చేసినవాట్ల అన్నిటికంటె పెద్ద కేసు ఏది?" అంటారు. వాళ్ల మనసులో ఉన్నది హత్య కేసు, కాకపోతే పెద్ద భూమి తగాదా. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక విడాకుల కేసు. అందులో నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, నెలల తరబడి తయారు చేసుకున్న వాదనను కోర్టులో వినిపించకుండానే వెనక్కి తీసుకోవడం. "గంతేనా మేడం?" అని పిల్లలు మొహం వేలాడేస్తారు. గంతే నాయనలారా. ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పే ఓపిక లేదు గనుక ఒకసారి రాసి పెడుతున్నాను, చదువుకోండి.

మాది జనగామ. ప్రాక్టీసు మాత్రం మహబూబాబాద్‌లో. అదేం తిక్క అని చుట్టాలందరూ అడిగేవాళ్లు. మా మామగారు, మా ఆయన ఇద్దరూ జనగామ కోర్టులోనే వకీళ్లు. నేనూ అక్కడే చేరితే ఇంట్లో ఏ కూర వండాలన్నది కూడా వాయిదాల మీద వాయిదాలు పడుతుందని నా భయం. అందుకే పొద్దున్నే బండెక్కి ఊరు దాటిపోయేదాన్ని. నాలాంటి వకీళ్లు ఆ బండిలో ఇంకొందరు ఉండేవాళ్లు. రఘునాథపల్లిలో ఒకరు, స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒకరు ఎక్కి, కాజీపేట వచ్చేసరికి మా పెట్టె చిన్నపాటి బార్ అసోసియేషన్ అయ్యేది.

మాకొక అలవాటు ఉండేది. ఆ రోజు కోర్టులో చేయబోయే వాదనను ముందు బండిలో చేసి చూసుకునేవాళ్లం. క్లయింటు పేరు, ఊరు, ఆనవాలు నోట రాకూడదు. అది మా కట్టుబాటు. చట్టం సంగతి మాత్రం ఎంత గట్టిగా అరిచినా ఎవరూ అడ్డు చెప్పరు. ఎదురుగా కూర్చున్న స్కూలు టీచర్లు, రైల్వే పనివాళ్లు, కాళ్ల దగ్గర జామపండ్ల గంప పెట్టుకుని కూర్చునే ఒక అవ్వ, వీళ్లే మా జడ్జీలు. ఆ అవ్వ భలే ఘటం. ఒకసారి నా వాదన మొత్తం ఓపికగా విని, "మంచిగనే ఒర్రుతున్నవ్ గని బిడ్డా, ఇండ్ల నీ బాధేందో నాకు సమజ్ గాలే" అంది. ఆ రోజు కోర్టులో జడ్జిగారు కూడా ఇంచుమించు అదే మాట ఇంగ్లీషులో అన్నారు.

స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎక్కే సీనియర్‌ను మేమంతా 'సాబ్' అనేవాళ్లం. ఇంట్లో ఉర్దూ, కోర్టులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఆయనకు. సివిల్ ప్రొసీజర్ కోడ్ నోటికొచ్చు. నాకు పని నేర్పింది ఆయనే. వకాలత్‌నామా మీద సంతకం ఎక్కడ పెట్టించాలి అన్నదగ్గర నుంచి, కోపమొచ్చినప్పుడు జడ్జి వైపు కాకుండా గోడ గడియారం వైపు చూడాలి అన్నదాకా. నాది అసలే చింతనిప్పు స్వభావం. ఆ గడియారమే లేకపోతే నా ప్రాక్టీసు రెండో ఏడే ముగిసేది. ఆయనకు నేను చెప్పాల్సిన కృతజ్ఞతలు చాలా ఉన్నాయి, ఈ కేసు వాటిలో ఒకటి.

ఆయనకొక పిచ్చి ఉండేది. ప్రపంచంలోని రాజ్యాంగాలన్నీ చదవడం. ఏ దేశంలో చట్టం తప్పని ఎవరు చెప్పగలరు, ఎప్పుడు చెప్పగలరు, చెబితే ఏమవుతుంది అన్నవి మనకు సినిమా కథలు ఎట్లాగో ఆయనకు అట్లాగ. ఒకరోజు బండిలో మొదలుపెట్టాడు.

"అమెరికల చూడు బేటీ, ఆడ మన మున్సిఫ్ అసుంటి చిన్న జడ్జి గూడ, ఈ కానూన్ రాజ్యాంగానికి ఖిలాఫ్ ఉన్నది, నేను దీన్ని నడిపియ్య అనొచ్చు. జర్మనీల అట్ల కాదు. కింది జడ్జి కేసు ఆపి, గదే పనికి పెట్టిన ఒక్క పెద్ద కోర్టుకు సవాల్ పంపాలె. ఫ్రాన్సోళ్లయితె చానా ఏండ్లు చట్టం బయటికి రాకముందే చూసుకునుడు. వచ్చినంక ఏ జడ్జీ ముట్టుకోవద్దు. తర్వాత తర్వాత దానికి జర దర్వాజా తెరిసిన్రనుకో."

జామపండ్ల అవ్వకు విసుగొచ్చింది. "సాబూ, గా దేశాలన్ని నాకెందుకు గని, కూర లెక్కన చెప్పరాదు."

సాబ్‌కు ఎక్కడలేని హుషారు వచ్చింది. "అట్లనే చెప్త ఇను. ఫ్రాన్స్‌ల కూర పొయ్యి మీద ఉన్నప్పుడే ఉప్పు చూస్తరు. అమెరికల విస్తట్ల ఏసినంక తినేటోడు ఎవడన్న ఉమ్మేయొచ్చు. జర్మనీల ఇంటికంతటికి ఒక్క పెద్దమనిషే, రుచి ఆమెనే చెప్పాలె. ఇంగ్లండ్‌ల జడ్జి ఉప్పెక్కువైందని చెప్తడు గని గిన్నె ముట్టడు. వండినోళ్లు, అంటె పార్లమెంటు, వాళ్లే సరిజేసుకోవాలె."

"మరి మనకాడ?"

"మనకాడ హైకోర్టు, సుప్రీంకోర్టు ఉమ్మేయొచ్చు. మా అసుంటి చిన్న కోర్టు మాత్రం, ఇండ్ల ఉప్పెక్కువైనట్టున్నది, జర చూడుండ్రి అని పైకి అడగొచ్చు."

"అడుగుడన్న ఉన్నది గదా, మంచిదే," అని అవ్వ ఒక జామపండు తుడిచి ఆయన చేతిలో పెట్టింది. "మరి ఎన్నడన్న అడిగిన్రా?"

సాబ్ ఆ పండు వైపే చూస్తూ, "లేదవ్వా. మా కోర్టు నుంచి ఎన్నడు అడగలే" అన్నాడు. ఆయన గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. ఆ పక్కన కూర్చున్న నాకు పాపం అనిపించింది.

ఆయన చెప్పింది సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని నూట పదమూడో సెక్షన్ సంగతి. కొత్తగా నల్లకోటు వేసుకున్న వాళ్లు కూడా దాన్ని పరీక్ష కోసం చదివి అక్కడే వదిలేస్తారు. కింది కోర్టు జడ్జికి చట్టాన్ని కొట్టేసే అధికారం లేదు. కానీ తన ముందున్న కేసు తేలాలంటే ఫలానా చట్టం చెల్లుతుందో లేదో తేలక తప్పదనీ, అది చెల్లదనీ ఆయనకు అనిపిస్తే, కారణాలు రాసి ఆ ప్రశ్నను హైకోర్టుకు పంపవచ్చు. పంపవచ్చు కాదు, పంపాలి. "జవాబు చెప్పే తాకత్ మనకు లేదు బేటీ, సవాల్ అడిగే తాకత్ ఉన్నది. అది తక్కువ చీజ్ కాదు" అనేవాడు సాబ్. రిటైరయ్యేలోపు ఒక్క ప్రశ్న, ఒక్కటంటే ఒక్కటి మహబూబాబాద్ నుంచి పైకి పోవాలని ఆయన కోరిక.

అప్పుడే నా దగ్గరికి ఆ అమ్మాయి వచ్చింది. పుట్టిల్లు రేగొండ దగ్గర పల్లె, అత్తిల్లు మహబూబాబాద్ దగ్గర పల్లె. పెళ్లైన కొన్నేళ్లకు వీపు మీద ఒక మచ్చ వచ్చింది, సూది గుచ్చినా తెలియని మచ్చ. ఊళ్లో 'పెద్దరోగం' అన్నారు. సర్కారు దవాఖానలో కుష్ఠు అని తేల్చి మందులు ఇచ్చారు. ఆమె ఒక్క రోజు కూడా తప్పకుండా మింగింది, పూర్తిగా నయమైంది. ఎడమచేతి చిటికెనవేలు కొద్దిగా వంగి ఉండిపోయింది, అంతే. అయినా అత్తింట్లో ఆమె పళ్లెం వేరైంది, పడక వేరైంది, చివరికి ఆమే పుట్టింటికి వచ్చేసింది. అక్కడి అంగన్‌వాడీలో ఆయమ్మగా చేరి, పిల్లలకు వండిపెడుతూ తన బతుకు తాను బతుకుతోంది. అంతలో భర్త విడాకులకు వేశాడు. అప్పట్లో హిందూ వివాహ చట్టంలో ఒక క్లాజు ఉండేది. భార్యకైనా భర్తకైనా తీవ్రమైన, నయం కాని కుష్ఠు ఉంటే రెండోవాళ్లు విడాకులు అడగవచ్చు. అతను దాని మీద వచ్చాడు.

"ఆయన ఇడిసిపెడ్తె ఇడిసిపెట్టనియ్ మేడం," అంది ఆ అమ్మాయి మొదటి రోజే. "నాకేం ఆశ లేదు. గని గా మాట మీద ఇడిసిపెట్టొద్దు. నాకు రోగమున్నదన్న మాట మీద మాత్రం ఇడిసిపెట్టనియ్యకు."

నేను ధైర్యం చెప్పి పంపించాను. మర్నాడు బండిలో, ఊరూ పేరూ చెప్పకుండా, క్లాజు సంగతి సాబ్‌కు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. మందులతో నయమయ్యే జబ్బును పట్టుకుని ఒక మనిషిని పెళ్లి నుంచి గెంటేయమనే క్లాజు సమానత్వానికి విరుద్ధం కాకపోతే మరేది విరుద్ధం? "బేటీ, ఇదే. నేను ఇన్నేండ్ల సంది ఎదురుచూసిన సవాల్ ఇదే" అన్నాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. నాకు కూడా ఒళ్లు పులకరించింది. అబద్ధమెందుకు, నా పేరు కూడా పెద్ద కోర్టుల తీర్పులు అచ్చువేసే లా రిపోర్టులో కనబడుతుందని ఒక మూల ఆశ పుట్టింది.

దరఖాస్తు తయారైంది. సాబ్ చెబుతుంటే నేను రాశాను. అందులో ఒక మెలిక ఉంది. కేసు తేలడానికి అవసరమైతేనే ప్రశ్న పైకి పోతుంది. ఆమెకు వ్యాధి లేదని మేమే అంటే ఆ క్లాజు ఆమెకు వర్తించదు, వర్తించకపోతే అది చెల్లుతుందా లేదా అన్న ప్రశ్నే లేవదు. కాబట్టి ప్రశ్న లేవాలంటే ఒక వాక్యం ఉండాలి. 'ఈ దరఖాస్తు మేరకు, భర్త పిటిషన్‌లో చెప్పిన వ్యాధి సంగతిని ప్రతివాది ఒప్పుకుంటున్నది.' వకీళ్లకు ఇది మంచినీళ్లు తాగినంత మామూలు. పొలం నాదే, ఒకవేళ నీదనుకున్నా కూడా నువ్వు ఆలస్యంగా వచ్చావు అని రోజూ రాస్తుంటాం. పొలానికి దాంతో వచ్చే నష్టమేమీ లేదు, అది నోరు లేనిది.

కోర్టులో పెళ్లివారి సందడే సందడి. కేంద్ర చట్టం గనుక ఢిల్లీలో ఉండే అటార్నీ జనరల్‌కు కూడా నోటీసు పోవాలని కోడ్‌లో ఉంది. మా సూపరింటెండెంట్‌గారు నన్ను వరండాలో పక్కకు పిలిచి, "మేడం, గాయన అడ్రసు ఉత్తగ ఢిల్లీ అని రాస్తె ముడుతదా?" అని రహస్యంగా అడిగాడు. భర్త తరఫు వకీలైతే నాకంటే సంబరపడ్డాడు. "మీ పుణ్యమా అని నా పేరు గూడ పుస్తకంల ఎక్కుతది మేడం" అని నాకు టీ తాగించాడు. బార్‌లో అందరూ చేతులు కలిపారు. ఎవరి సంబరం వాళ్లది. క్లయింటుకు మాత్రం నేను "నీ కేసు పెద్ద కోర్టుకు పంపిస్తున్నం" అని ఒక్క ముక్క చెప్పాను, ఆమె తల ఊపింది. వకీలు చెబితే తల ఊపని క్లయింటు ఈ భూమ్మీద ఎక్కడన్నా ఉన్నారా?

దరఖాస్తు విచారణకు వచ్చిన రోజు ఆమె రేగొండ నుంచి బస్సులో వరంగల్ వచ్చి మా బండే ఎక్కింది. క్లయింటు పక్కన ఉంటే మేము మా జనంలో కూర్చోం. సాబ్, నేను, ఆమె పెట్టె చివర ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాం. జడ్జిగారు ఆమెను ఏదైనా అడగవచ్చు, ముందే చెప్పి ఉంచుదామని నేను దరఖాస్తును తెలుగులో వివరించడం మొదలుపెట్టాను. ఆ వాక్యం దగ్గరకు వచ్చేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు మేడం. నాకు గా రోగం ఉన్నదని మీరే ఒప్పుకుంటున్నరా?"

"ఒప్పుకునుడు కాదమ్మా. ఈ ఒక్క దరఖాస్తు వరకే. మాటవరసకు."

సాబ్ కూడా సముదాయించాడు. "కానూన్ల గది మామూలే బిడ్డా. ఉన్నదనుకుంటెనే సవాల్ లేస్తది. సవాల్ పైకి పోతె నీ అసుంటోళ్లు ఎందరికో మేలైతది. జర సోచాయించు."

"మేలే సార్, నేను కాదంటలేను," అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు ఇంకా కష్టంగా తోచింది. "మా అత్త గూడ మాటవరసకే అన్నది. గా మాటవరస మాటకే నా పల్లెం ఏరువడ్డది. నేను అంగన్‌వాడిల పిల్లలకు వండిపెడ్త సార్. కొందరు తల్లులు ఇప్పటికీ నా చెయ్యి దిక్కే సూస్తరు. రేపు ఎవడన్న గా కాయితం పట్టుకొచ్చి, నీ వకీలే కోర్టుల ఒప్పుకున్నదని సదివితె, ఏ తల్లి తన బిడ్డను నా చేతి ముద్ద తిననిస్తది?"

నేను దరఖాస్తును మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. ఆమే మళ్లీ అంది. "నేను మంచిగైన మేడం. మంచిగైన్నని చెప్పనీకె కోర్టుకొస్తున్న. ఆడనే మంచిగ కాలేదని రాస్తె ఎట్ల?"

కేసముద్రం దాటింది, మహబూబాబాద్ వచ్చింది. సాబ్ కిటికీలోంచి బయటకే చూస్తున్నాడు. దిగేటప్పుడు మాత్రం, "వకాలత్ నీది బేటీ. కోర్టుల నువ్వే మాట్లాడాలె" అన్నాడు. అవునో కాదో చెప్పలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక పక్క నాకు అన్నీ నేర్పిన మనిషి జీవితకాలపు కోరిక, ఇంకో పక్క నన్ను నమ్మి వచ్చిన అమ్మాయి తినే అన్నం.

భార్యాభర్తల కేసులు తలుపులు వేసుకుని వింటారు. అటెండర్ కేసుతో సంబంధం లేనివాళ్లందరినీ బయటకు పంపించాడు, సాబ్ మాత్రం నా సీనియర్‌గా పక్కనే ఉన్నాడు. జడ్జిగారు నెమ్మదైన మనిషి, గొంతు పెంచి ఎరగరు. మా దరఖాస్తును ఆయన చాలా శ్రద్ధగా చదివి వచ్చారని బల్ల మీద పేర్చిన పుస్తకాలను చూస్తేనే తెలిసింది. ఆయనకూ ఆ ప్రశ్న పైకి పంపాలని ఉందని నాకు అర్థమైంది.

"మేడం, బాగా రాశారు," అన్నారు. "కానీ నేను ఈ ప్రశ్న హైకోర్టుకు పంపాలంటే, ముందు నా ఆర్డరులో ఒకటి రాయాలి. ఈ క్లాజు ఈ అమ్మాయికి వర్తిస్తుంది అని. మీరు ఒప్పుకున్నారు కాబట్టి రాయగలను. రాయమంటారా?"

నేను వెనక్కి చూశాను. ఆమె గోడ దగ్గర నిలబడి ఉంది. ఎడమచేతిని కొంగులో దాచుకోలేదు, అందరికీ కనబడేట్టు ముందు పెట్టుకునే నిలబడింది. పక్కకు చూశాను. సాబ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు, తల ఎత్తలేదు. గోడ గడియారం వైపు చూద్దామనుకున్నాను గానీ ఆ రోజు నాకు వచ్చింది కోపం కాదు.

"వద్దు యువర్ ఆనర్. ఈ దరఖాస్తు నేను ప్రెస్ చేయడం లేదు, వెనక్కి తీసుకుంటున్నాను."

భర్త తరఫు వకీలు, పాపం, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. జడ్జిగారు పెన్ను పక్కన పెట్టి కారణం అడిగారు.

"నా క్లయింటుకు ఆ వ్యాధి లేదు సార్. లేని వ్యాధిని ఉన్నదని ఒప్పుకుని నేను ప్రశ్న అడగలేను. ఎవరన్నా అడగాల్సిందే, అది అడగాల్సిన ప్రశ్నే. ఈ అమ్మాయి పేరు మీద మాత్రం కాదు."

ఆయన నా వైపు, తర్వాత ఆమె వైపు చూశారు. "అయితే డాక్టరును పిలిపించండి" అన్నారు. అంతే, ఆ రోజు పని అయిపోయింది.

సాయంత్రం బండిలో సాబ్ నా ఎదురుగా కూర్చున్నాడు. ఖాళీ గంపతో తిరిగొస్తున్న జామపండ్ల అవ్వకు మా మొహాలు చూసి ఏదో అర్థమైంది.

"ఏమైంది సాబూ? అడిగిన్రా ఏంది పైకి?"

"అడగలేదవ్వా."

"ఎందుకట్ల?"

"అడగాలంటె మంచిగైన మనిషిని మళ్ల రోగిష్టిని చేయాల్సొచ్చింది."

"అట్లయితె అడగకుంటెనే మేలు తియ్," అంది అవ్వ, అదేమంత పెద్ద సంగతి కానట్టు, గంపను సీటు కిందికి తోసుకుంటూ. సాబ్ మొదట కొంచెం నవ్వాడు, తర్వాత గట్టిగానే నవ్వాడు. కాజీపేట రాకముందే సంచిలోంచి కాగితాలు తీసి, "బేటీ, డాక్టర్ సాబ్‌ను అడిగే సవాళ్లు రాసుకో. నయం కానిది అన్న మాట దగ్గర షురూ చెయ్" అన్నాడు. అంత ఆశ పోగొట్టుకున్న రోజు సాయంత్రమే ఆ మనిషి మళ్లీ నాకు పని నేర్పడానికి కూర్చున్నాడు. ఆ పెద్దమనసుకు నేను ఈ రోజుకీ చేతులెత్తి మొక్కుతాను.

తర్వాత ఆయన పుస్తకాలనే అరువు తెచ్చుకుని నేనూ చదివాను. అన్ని దేశాల వాళ్లూ చట్టాన్ని ఎవరు కొట్టేయాలి అన్నదాని మీదే వాదించుకుంటారని అప్పటిదాకా అనుకునేదాన్ని. అసలు తగాదా ఇంకొకటుంది. ప్రశ్న అడగాలంటే అడిగేవాళ్లు ఏమై ఉండాలి? అమెరికాలో దెబ్బ తగిలినవాళ్లే కోర్టుకు రావాలి, తగిలిన దెబ్బ చూపించాలి. జర్మనీలో కింది జడ్జి ప్రశ్న పంపాలంటే తీర్పు ఆ చట్టం మీదనే ఆధారపడి ఉండాలి, మా నూట పదమూడులాగే. ఫ్రాన్స్‌లో చట్టం బయటికి రాకముందు పార్లమెంటు సభ్యులే అడగవచ్చు, అందుకోసం ఎవరూ రోగి కానక్కరలేదు. మన హైకోర్టుల్లో, సుప్రీంకోర్టులో కూడా నలుగురి మేలు కోరి ఒక సంఘం పిటిషన్ వేయవచ్చు. తలుపులు అన్ని ఉన్నప్పుడు, ఆ అమ్మాయిని ఈడ్చుకుపోవాల్సిన ఇరుకు తలుపునే మేము ఎంచుకున్నాం. ఎందుకంటే మా చేతికి అందేది అదొక్కటే.

డాక్టరు వచ్చాడు. ఆమెకు మందులు ఇచ్చిన సర్కారు దవాఖాన డాక్టరే. మందులు పూర్తయ్యాయనీ, వ్యాధి లేదనీ, ఎవరికీ అంటదనీ చెప్పాడు. భర్త వకీలు వంగిన వేలు సంగతి పట్టుకున్నాడు. "కాలిన గాయం మానినా మచ్చ ఉంటుంది. మచ్చ ఉంది గదా అని ఇంకా కాలుతున్నట్టు కాదు" అన్నాడు డాక్టరు. ఇక ఆ వకీలు కూడా కూర్చున్నాడు. ఆయనా మంచివాడే, తన పని తాను చేశాడు.

తీర్పు రోజు జడ్జిగారు చేసింది నేను మరచిపోలేను. పిటిషన్ కొట్టేస్తున్నట్టు ఇంగ్లీషులో చెప్పి ఊరుకోవచ్చు, అందరూ చేసేది అదే. ఆయన ఆమెను దగ్గరకు పిలిచి తెలుగులో చెప్పారు. "చూడమ్మా, నీకు ఆ వ్యాధి లేదు. ఈ కోర్టు విచారించి తేల్చింది. ఇంకెవరైనా ఆ మాట అంటే, కోర్టు లేదని చెప్పింది అని చెప్పు." ఆమె దండం పెట్టింది. కళ్లు తుడుచుకుంది నేను.

ఆ దంపతులు మళ్లీ కలిశారా అని జూనియర్లు అడుగుతారు. లేదు. కొంతకాలానికి ఇద్దరూ ఇష్టపడి విడిపోయారు. ఆ కాగితాల్లో జబ్బు ఊసే లేదు. ఆమె కోరుకున్నది అదే.

తర్వాత ఒకరోజు పొద్దున్నే సాబ్ ఫోన్ చేశాడు. పేపర్లో వచ్చింది, పార్లమెంటు ఆ క్లాజును పెళ్లి చట్టంలోంచి తీసేసింది. నయమైనవాళ్ల సంఘాలు ఏళ్లుగా అడిగాయి, న్యాయనిపుణులు చెప్పారు, చివరికి వండినవాళ్లే గిన్నె దింపి సరిచేశారు. "చూసినవా బేటీ, ఏ కోర్టూ కొట్టేయలే. మన కేసు ఇంగ్లండ్ తరీకల ఖతమైంది" అని పకపకా నవ్వాడు. ఆయన కోరిక తీరలేదు. మహబూబాబాద్ నుంచి ప్రశ్న పోకుండానే ఆయన రిటైరయ్యాడు. దానికి ఆయన బాధపడ్డట్టు నాకెన్నడూ కనబడలేదు, నాకే అప్పుడప్పుడు గుండె కలుక్కుమంటుంది.

పిల్లలూ, రాజ్యాంగం పేరు చెప్పి వాదించే అవకాశం మీకు రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. అది మన వృత్తిలో అన్నిటికంటే పెద్ద పని. వచ్చిన రోజు మాత్రం దరఖాస్తులో ప్రతి వాక్యాన్నీ మీ క్లయింటుకు, వాళ్ల భాషలో, వాళ్ల మొహం చూస్తూ చెప్పండి. నాకు ఆ బుద్ధి బండి వరంగల్ దాటాక వచ్చింది. వచ్చినందుకు ఆ అమ్మాయికీ, నన్ను ఆపకుండా తల దించుకుని కూర్చున్న సాబ్‌కూ, రాయమంటారా అని ముందు అడిగిన జడ్జిగారికీ నేను రుణపడి ఉన్నాను.

ఆ వార్త వచ్చిన కొన్నాళ్లకు భూపాలపల్లిలో న్యాయ విజ్ఞాన సదస్సు అంటే వెళ్లాను. దారిలోనే కదా అని ఆ అమ్మాయి ఊళ్లో జీపు ఆపించాను. అంగన్‌వాడీలో అన్నాల వేళ. చిన్నపిల్లలు గోడవారగా వరసగా కూర్చున్నారు. ఆమె మధ్యలో పీట వేసుకుని ఉడికిన గుడ్ల పొట్టు తీస్తోంది. నన్ను చూసి "అక్కా!" అని లేవబోయింది, కూర్చోమన్నాను. పార్లమెంటు ఆ క్లాజును తీసేసిందనీ, ఇక ఈ దేశంలో ఎవరూ ఆ రోగం పేరు చెప్పి పెళ్లాన్ని గానీ మొగుణ్ని గానీ వదిలేయలేరనీ గొప్పగా చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

ఆమె పొట్టు తీయడం ఆపలేదు. "మంచిగైందక్కా. అండ్ల ఉన్నోళ్లకు మేలైతది," అంది. "నేనైతె ముందుగాల్నే లేను గదా అండ్ల."

గుడ్డును రెండు ముక్కలు చేసి, ఒక ముక్క పక్కనున్న పిల్ల నోట్లో పెట్టింది.